ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి హాళ్లలో క్యాప్షన్ ఆట వేయించుకునే పద్ధతి

వినికిడి లేనివారు చదువుకుంటూ చూసేలా హాల్లో క్యాప్షన్లతో సినిమా ఆట వేయించుకోవాలంటే, హాలు మేనేజరును కలిసే ముందు సబ్‌టైటిలుకూ క్యాప్షనుకూ ఉన్న తేడాను తెలుసుకోవాలి. సబ్‌టైటిలు భాష రానివారి కోసం మాటలను మాత్రమే అనువదిస్తుంది. క్యాప్షను ఎవరు మాట్లాడుతున్నారో, తెర వెనుక తలుపు ఎప్పుడు చప్పుడైందో, పాట ఎక్కడ మొదలైందో కూడా అక్షరాల్లో చూపుతుంది. అందరికీ తెరపైనే కనిపించేది ఓపెన్ క్యాప్షను. ప్రత్యేక కళ్లద్దాల్లోనో, సీటు దగ్గరి చిన్న తెరపైనో కోరినవారికి మాత్రమే కనిపించేది క్లోజ్డ్ క్యాప్షను. మన ఊళ్లలోని సింగిల్ స్క్రీన్ హాలుకు మొదటిదే సులువు.

తరువాత లిపి సంగతి తేల్చుకోవాలి. ఇంట్లో తెలుగే అయినా బడిలో ఒడియా చదివిన బధిరులకు తెలుగు క్యాప్షను ఉపయోగపడదు. (తెలుగు సినిమాకు తెలుగు క్యాప్షనే చాలునని మనమే అనుకుంటాం.) కాబట్టి వచ్చేవారిలో ఎవరు ఏ లిపిని వేగంగా చదవగలరో ముందే అడిగి రాసుకోండి, చాలాసార్లు ఇంగ్లీషు దగ్గరే రాజీపడవలసి వస్తుంది.

అసలు చిక్కు కీ దగ్గర, అంటే సినిమా ఫైలుకు వేసిన డిజిటల్ తాళాన్ని తీసే ఫైలు దగ్గర వస్తుంది. హాలుకు సినిమా వచ్చే ఫైళ్ల కట్ట అయిన డిజిటల్ సినిమా ప్యాకేజీలో క్యాప్షనున్న ప్రతికీ లేని ప్రతికీ వేర్వేరు ప్లేలిస్టులుంటాయి, తాళం వేసిన ఒక్కో ప్లేలిస్టుకూ దాని కీ కావాలి. అందువల్ల ఆట రోజున ఆపరేటరును బతిమాలినా ఫలితం ఉండదు. సినిమా విడుదలకు ముందే, క్యాప్షను ప్రతికి కూడా కీ పంపమని డిస్ట్రిబ్యూటరును మేనేజరు చేత అడిగించాలి. వారంలో ఒక పగటి ఆట అడిగి, ఇంతమంది వస్తామన్న పేర్ల జాబితా చూపితే, ఖాళీగా నడిచే ఆట నిండుతుంది గనుక, మేనేజరు వినే అవకాశం ఎక్కువ.

అభ్యర్థన లిఖితపూర్వకంగా ఇచ్చి, నకలు ఉంచుకోండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టాన్ని, దాని ఆధారంగా కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ 2024 మార్చిలో సినిమా హాళ్ల కోసం విడుదల చేసిన మార్గదర్శకాలను అందులో పేర్కొనండి. జవాబు రాకపోతే, చట్టం ప్రకారం రాష్ట్ర దివ్యాంగుల కమిషనరుకు ఫిర్యాదు చేయవచ్చు.

ఆట రోజున ముందున్నవారి తలలు కింది అక్షరాలకు అడ్డురాకుండా బాల్కనీ మొదటి వరుస మధ్య సీట్లు అడగండి. జనం లోపలికి రాకముందే ఆపరేటరు చేత రెండు నిమిషాలు వేయించి, క్యాప్షను కింది వరుస తెర అంచు నల్లగుడ్డలో తెగిపోవడం లేదని, తెల్లని దృశ్యాల మీద కూడా అక్షరాలు చదవగలిగేలా ఉన్నాయని చూసుకోండి.