స్టీరింగ్ పట్టుకుని సిగరెట్ కాలిస్తే చలానా పడుతుందా?

ముందు మీరు ఏ బండిలో ఉన్నారో చూసుకోండి, జవాబు దాన్ని బట్టే మారుతుంది. ఆటో, క్యాబ్, బస్సు అయితే ఆలోచించే పనే లేదు. 2003 పొగాకు ఉత్పత్తుల చట్టం లెక్కలో అవి బహిరంగ ప్రదేశాలే, సెక్షన్ 4 కింద పొగ తాగకూడదు, 200 రూపాయల దాకా జరిమానా. డ్రైవర్‌కే కాదు, వెనక సీట్లో కాల్చే మనకీ ఇదే రూలు. డ్రైవర్ బీడీ వెలిగిస్తే "అన్నా, మేం దిగాక తాగు" అనడానికి మొహమాటపడకండి.

సొంత కారు సంగతి వేరు. సిగరెట్ కాల్చడమే నేరమని మోటారు వాహనాల చట్టంలో విడిగా సెక్షన్ లేదు. అలాగని భయం లేదనుకోవద్దు. లైటర్ కోసం తల వంచినప్పుడో, నుసి ఒళ్లో పడి ఉలిక్కిపడినప్పుడో బండి పక్క లైన్లోకి పోతే ప్రమాదకరంగా నడిపారని సెక్షన్ 184 పెట్టొచ్చు. 2019 సవరణ తర్వాత దానికి మొదటిసారే 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది జైలు, ఒక్కోసారి రెండూ. పోలీసులు ఆపితే గొడవ పెట్టుకోకుండా ఏ సెక్షన్ కింద రాస్తున్నారో అడగండి, చలానాలో చూసుకోండి, రసీదు లేకుండా చేతికి డబ్బులు మాత్రం ఇవ్వకండి.

నన్నడిగితే కాల్చడం కన్నా పీక విసరడమే పెద్ద ప్రమాదం. పోయిన వేసవిలో సూర్యాపేట దాటాక బైక్ మీద వస్తుంటే ముందు కారులోంచి విసిరిన పీక గాలికి ఎగిరొచ్చి నా కాలర్‌లో ఇరుక్కుంది, ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని రెండో చేత్తో దులుపుకుంటూ రోడ్డు పక్కకి ఎలా వచ్చానో నాకే తెలీదు. మెడ మీద కందిగింజంత మచ్చ ఇంకా ఉంది. వెనక మా పాప కూర్చుంది, అది తన కంట్లో పడి ఉంటే అనుకుంటే ఇప్పటికీ వణుకొస్తుంది. నిప్పు విషయంలో ఇలాంటి నిర్లక్ష్యానికి భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 287 ఉంది, ఆరు నెలల దాకా జైలు, 2,000 దాకా జరిమానా.

కాబట్టి తాగాలనిపిస్తే ఏ దాబా దగ్గరో బండి పక్కకి తీసి, దిగి తాగండి. అడుగున కొంచెం నీళ్లు ఉంచిన పాత బాటిల్ ఒకటి కారులో పెట్టుకుని పీక అందులో వేయండి, చుయ్‌మని ఆరిపోయాకే మూత పెట్టండి. పెట్రోల్ బంక్ దగ్గరైతే బయట కూడా వెలిగించొద్దు.