బైక్ మీద రాడార్ డిటెక్టర్: మోగాల్సిన చోట మోగదు, అక్కర్లేని చోట ఆగదు

పోలీసులు వేగం కొలిచే రాడార్‌ని పసిగట్టి మోగే పెట్టె రాడార్ డిటెక్టర్. కారులో బుద్ధిగా పనిచేసిన దాన్ని తీసి బైక్‌కి తగిలించగానే చాలామందికి వచ్చే మొదటి అనుమానం, ఇది పాడైందేమోనని. చాలాసార్లు దానికేమీ కాదు. విండ్‌షీల్డ్ వెనక, ఏసీలో, చెవికి రెండడుగుల దూరంలో కూర్చోవడానికి తయారైన పెట్టె అది. దాన్ని తెచ్చి ఎండకీ వానకీ అదురుకీ అప్పజెప్పాం. కాబట్టి తప్పు వెతకాల్సింది రెండు చోట్ల. రాడార్ సిగ్నల్ డిటెక్టర్ దాకా వస్తోందా? డిటెక్టర్ చెప్పింది మన దాకా వస్తోందా? ఎన్ని మైళ్ల నుంచి పసిగడుతుందో చూసి డబ్బు పోసేవాళ్లు ఈ రెండో ప్రశ్న వేసుకోరు. బైక్ మీద అసలు తంటా అక్కడే.

ఇది అమెరికాలో, ముఖ్యంగా షార్లెట్ నుంచి బ్లూ రిడ్జ్ కొండల వైపు బండి తీసే మనవాళ్ల కోసం. నార్త్ కరోలినాలో సొంత బండి మీద డిటెక్టర్ పెట్టుకోవడం చట్టబద్ధమే. పక్కనున్న వర్జీనియాలో కాదు. ఆ సంగతి కిందికి వస్తే ఉంది.

సమస్య: మోగిందట, నాకు వినపడలేదు

హైవే వేగంలో హెల్మెట్ లోపల గాలి హోరు 100 డెసిబెల్స్ దగ్గర్లో ఉంటుంది. ఇయర్‌ప్లగ్స్ కూడా పెట్టుకుంటే (పెట్టుకోవాలి) డిటెక్టర్ స్పీకర్ మీకు వినిపించేది రెడ్ లైట్ దగ్గర ఆగినప్పుడే. వాల్యూమ్ చివరిదాకా పెంచినా లాభం లేదు. పోనీ కళ్లతో చూద్దామంటే ట్యాంక్ మీదికి తల వంచాలి. 70 మైళ్ల వేగంలో ఒక్క సెకను తల వంచితే బండి 30 మీటర్లు పోతుంది. పైగా మిట్టమధ్యాహ్నం ఎండలో ఆ చిన్న తెర వెలిసిపోతుంది, పోలరైజ్డ్ కళ్లద్దాల్లోంచి చూస్తే కొన్ని తెరలు పూర్తిగా నల్లబడతాయి.

అందుకే కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న దూరం గురించి కాదు, ఆడియో జాక్ ఉందా, ఫోన్ యాప్‌తో కలుస్తుందా అన్నది. రెండూ లేని మోడల్ ఎంత చవకగా వచ్చినా బైక్‌కి వద్దు. జాక్ ఉంటే వైరుతో హెల్మెట్ స్పీకర్లకి కలపవచ్చు. యాప్ ఉంటే అలర్ట్ ఫోన్ మీదుగా హెల్మెట్‌కి వెళ్తుంది. 2020లో వచ్చిన వాలెంటైన్ వన్ రెండో తరం మోడల్లో బ్లూటూత్ లోపలే ఉంది, బైకర్లు దాన్ని ఇష్టపడటానికి అదొక కారణం. వైర్లూ యాప్‌లూ వద్దనుకుంటే, అలర్ట్ రాగానే వెలిగే చిన్న ఎల్ఈడీని మీటర్ పైన కంటిచూపుకి తగిలేలా పెట్టుకునే పద్ధతీ ఉంది. ఒకటి గుర్తుంచుకోండి: కాలిఫోర్నియాలో రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నడపకూడదు. మీ రాష్ట్రం రూలేమిటో చూసుకోండి.

సమస్య: హెల్మెట్ హెడ్‌సెట్‌తో పెయిర్ అవ్వదు

పెట్టె మీద బ్లూటూత్ అని ఉంది, హెడ్‌సెట్‌లోనూ బ్లూటూత్ ఉంది, అయినా ఒకటికొకటి కనపడవు. ఇది లోపం కాదు. డిటెక్టర్లలో సాధారణంగా ఉండేది యాప్‌కి సమాచారం పంపే బ్లూటూత్, పాటలు పంపేది కాదు. మధ్యలో ఫోన్ ఉండాల్సిందే: డిటెక్టర్ నుంచి యాప్‌కి, యాప్ నుంచి హెడ్‌సెట్‌కి. ఫోన్ వద్దనుకుంటే ఆడియో జాక్‌కి చిన్న బ్లూటూత్ ట్రాన్స్‌మిటర్ పెట్టి దాన్ని హెడ్‌సెట్‌తో పెయిర్ చేయండి.

పెయిర్ అయ్యాక ఇంకో రెండు చిక్కులు. మొదటిది, అలర్ట్‌లో మొదటి ముక్క ఎగిరిపోవడం. పాటలేవీ రాకపోతే బ్లూటూత్ ఆడియో నిద్రలోకి జారుకుంటుంది. అది మేలుకునేలోపు చిన్న బీప్ కాస్తా అయిపోతుంది. యాప్‌లో బీప్ బదులు మాటల్లో చెప్పే అలర్ట్ పెట్టండి, లేదా వెనక తక్కువ వాల్యూమ్‌లో పాటలు నడవనివ్వండి. రెండోది, స్నేహితులతో ఇంటర్‌కమ్‌లో కబుర్లు నడుస్తుంటే అలర్ట్ రాకపోవడం. కార్డో, సెనా లాంటి హెడ్‌సెట్లలో ఇంటర్‌కమ్‌తో పాటు వేరే ఆడియో కూడా వినిపించే సెట్టింగ్ కొన్ని మోడళ్లకే ఉంటుంది. అది లేకపోతే గుంపులో వెళ్లేటప్పుడు మీ డిటెక్టర్ మూగదే.

సమస్య: ఊళ్లో ఆగకుండా మోగుతుంది

పోలీసు రాడార్ వాడే ఫ్రీక్వెన్సీ పట్టీలు (బ్యాండ్లు) మూడు: ఎక్స్ బ్యాండ్ 10.5 గిగాహెర్ట్జ్ దగ్గర, కె బ్యాండ్ 24 దగ్గర, కేఏ బ్యాండ్ 33.4 నుంచి 36 దాకా. వేగం కొలిచే పోలీసు రాడార్ గన్లు ఈ మూడింట్లోనే పనిచేస్తాయి. చిక్కంతా కె బ్యాండ్‌తో. కిరాణా దుకాణం ఆటోమేటిక్ తలుపులు, మీ వేగమెంతో చూపించే రోడ్డు పక్క బోర్డులు, చాలా కార్లలోని బ్లైండ్ స్పాట్ సెన్సార్లు, అన్నీ అక్కడే కాపురం. బైకర్లకి ఈ సెన్సార్ల గోల మరీ ఎక్కువ, ఎందుకంటే అవి చూసేది సరిగ్గా మనం నడిపే చోటుకే: పక్క లేన్‌లో, కాస్త వెనగ్గా. పక్కన కారు వచ్చినప్పుడు సిగ్నల్ పెరిగి, అది దాటగానే పడిపోతే బ్లైండ్ స్పాట్ సెన్సారే. నిజానికి దాన్ని విసుక్కోకుండా వినడం మేలు. ఆ డ్రైవర్‌కి మీరు కనపడని చోట ఉన్నారని చెబుతోంది, ముందుకో వెనక్కో జరగండి.

దీనికి మందు: బ్లైండ్ స్పాట్ ఫిల్టర్ ఆన్ చేయండి, తక్కువ వేగంలో మ్యూట్ అయ్యే సెట్టింగ్ 25, 30 మైళ్ల దగ్గర పెట్టండి. జీపీఎస్ ఉన్న మోడల్ ఒకే చోట పదేపదే మోగితే ఆ చోటుని నేర్చుకుని ఊరుకుంటుంది. రోజూ ఆఫీసుకి బైక్ మీద వెళ్లేవాళ్లకి అది బాగా పనికొస్తుంది. ప్రతి శనివారం కొత్త రోడ్డు పట్టేవాళ్లకి దానికి అదనంగా డబ్బు పెట్టడం దండగ అనిపిస్తుంది నాకు. చిరాకేసి కె బ్యాండ్‌ని పూర్తిగా ఆపేయడం మాత్రం తప్పు, ఆ గన్లు ఇంకా వాడుకలో ఉన్నాయి. కేఏలో తెర మీద 33.8, 34.7, 35.5 చుట్టుపక్కల అంకె కనిపిస్తే ఆలోచించకండి, అది దాదాపు పోలీసే. ఫ్రీక్వెన్సీ అంకె చూపించే మోడల్ తీసుకోమనేది ఇందుకే.

మీ బైక్‌కే రాడార్ క్రూయిజ్ (ముందు బండిని రాడార్‌తో చూసి వేగం సర్దుకునే ఏర్పాటు) ఉందనుకోండి, డుకాటీ మల్టీస్ట్రాడా వీ4 లాగా, అది మోగిస్తుందేమోనని భయం వద్దు. అది 77 గిగాహెర్ట్జ్‌లో పనిచేస్తుంది, డిటెక్టర్ అటు చూడదు.

సమస్య: పోలీసు కారు కనిపించాక మోగింది

ముందు అమరిక చూడండి. బైక్‌ని నిలువుగా నిలబెట్టి, ఎవరినైనా సీట్లో కూర్చోబెట్టి (బరువు పడితే సస్పెన్షన్ దిగి కోణం మారుతుంది), మీరు డిటెక్టర్ వెనక కన్ను పెట్టి ముందుకి చూడండి. రోడ్డు కనబడాలి. ట్యాంక్ బ్యాగ్ మీద పెట్టినవాళ్లకి చాలాసార్లు కనబడేది హ్యాండిల్ క్లాంప్, మీటర్ వెనకభాగం, బ్రేక్ గొట్టాలు. లేదా బ్యాగ్ వాలు వల్ల ఆకాశం. ప్లాస్టిక్ విండ్‌స్క్రీన్‌ని రాడార్ పంపే మైక్రోవేవ్ తరంగం దాటగలదు, లోహాన్ని దాటలేదు. హ్యాండిల్ మీద, మీటర్ పక్కన, నేలకి సమాంతరంగా బిగించండి. బాగుపడిందో లేదో తేల్చడానికి స్పీడ్ బోర్డు ఒకటి చూసుకోండి. ఎక్కడ మొదట మోగిందో ఏ చెట్టో స్తంభమో గుర్తుపెట్టుకుని, అమరిక మార్చి మళ్లీ అదే దారిలో రండి.

అమరిక బాగానే ఉన్నా ఆలస్యంగా మోగితే కారణం మీ బండి మీద లేదు. కొందరు పోలీసులు గన్ ఆపి ఉంచి, మీరు దగ్గరికొచ్చాకే నొక్కుతారు. అప్పుడు మిమ్మల్ని కాపాడేది ముందు వెళ్లిన కారు మీద వాళ్లు నొక్కినప్పుడు దూరం నుంచి వచ్చే చిన్న కూత ఒక్కటే. ఒక కూత కూసి ఆగిపోయిన కేఏ అలర్ట్‌ని ఉత్తుత్తిదని కొట్టిపారేయకండి. టెయిల్ ఆఫ్ ద డ్రాగన్ లాంటి చోట, 11 మైళ్లలో 318 మలుపులున్న రోడ్డు మీద, కొండ అడ్డం వచ్చి సిగ్నల్ మలుపు తిరిగాకే అందుతుంది. అక్కడ వేగపరిమితి 30 మైళ్లు. డిటెక్టర్‌ని నమ్ముకుని నడిపే రోడ్డు కాదది.

పోలీసు రాడార్ బదులు లేజర్ గన్‌తో కొలిస్తే, అలర్ట్ వచ్చిందంటే మీ వేగం కొలిచేసినట్టే. 300 మీటర్ల దూరంలో ఆ కిరణం వెడల్పు మీటరు కూడా ఉండదు, సూటిగా మీ హెడ్‌లైట్ మీద పడుతుంది. పోలీసు మీ వెనకే అదే వేగంతో వచ్చి కొలిస్తే ఏ పెట్టె మోగదు. పోలీసు రాడార్‌ని పనిచేయనివ్వని రాడార్ జామర్ అమ్ముతామంటే దూరంగా జరగండి, అది ఫెడరల్ చట్టం ప్రకారం నేరం.

సమస్య: గతుకుల్లో రీస్టార్ట్, వారం తర్వాత బ్యాటరీ డెడ్, చెవిలో కీచుమోత

చాలా డిటెక్టర్లకి పవర్ వెళ్లేది పాత ల్యాండ్‌లైన్ ఫోన్ వైరు లాంటి చిన్న ప్లగ్‌తో. ఆ క్లిప్ అదురుకి వదులవుతుంది. ప్లగ్ పక్కనే వైరుని చిన్న మెలిక తిప్పి జిప్ టైతో బిగిస్తే లాగుడు ప్లగ్ మీద పడదు.

బ్యాటరీ దిగిపోతోందంటే, ఛార్జర్ కోసం బయటికి వదిలిన లీడ్‌కి డిటెక్టర్‌ని కలిపి ఉంటారు. ఆ లీడ్ నేరుగా బ్యాటరీకే, తాళం తీసినా కరెంటు ఆగదు. తాళంతో పాటు ఆగిపోయే లైన్ నుంచి 2 ఆంపియర్ల ఫ్యూజ్ వేసి తీసుకోండి. వైరుతో ఆడియో తీసుకునేవాళ్లకి ఆక్సిలరేటర్ తిప్పేకొద్దీ పెరిగే కీచుమోత వస్తే అది గ్రౌండ్ లూప్, అంటే బండి కరెంటు రొద ఆడియో వైరులోకి చేరడం. ఆడియో వైరు మధ్యలో ఐసొలేటర్ పెడితే పోతుంది.

సమస్య: వానలో మందగిస్తుంది

ఎక్కువ మోడళ్లు వాటర్‌ప్రూఫ్ కావు. జిప్ కవర్ తొడిగినా దాని ముందు భాగంలో నీటిపొర పేరుకుని సిగ్నల్‌ని మింగేస్తుంది. తుడవండి. వాన జోరైతే తీసి లోపల పెట్టేయండి, ఆ రోడ్డు మీద వేగంగా వెళ్లే పనీ ఉండదు.

సమస్య: వెనక బాణం అబద్ధం చెబుతుంది

దిక్కు చూపే మోడళ్లలో వెనక కూడా యాంటెనా ఉంటుంది. కారులో దానికి వెనక అద్దం కనిపిస్తుంది. బైక్‌లో కనిపించేది మీ పొట్ట. మనిషి ఒళ్లు మైక్రోవేవ్‌ని పీల్చేస్తుంది. అందుకే వెనకనుంచి వచ్చేది బలహీనంగా, ఒక్కోసారి ముందున్న బోర్డు మీద పడి తిరిగొచ్చి ముందు నుంచి వచ్చినట్టుగా చూపిస్తుంది. దీనికి మందు లేదు. బాణాన్ని నమ్మకుండా అద్దం చూసుకోవడమే.

సమస్య: దారి వర్జీనియాలోకి వెళ్తోంది

బ్లూ రిడ్జ్ పార్క్‌వే మీద ఉత్తరానికి పోతే తెలియకుండానే వర్జీనియాలో ఉంటారు. అక్కడా, వాషింగ్టన్ డీసీలోనూ డిటెక్టర్ నిషేధం. ఆఫ్ చేసి హ్యాండిల్ మీదే వదిలేస్తే సరిపోదు. సరిహద్దుకి ముందే ఆగి, పవర్ వైరు పీకి, చెయ్యి అందే ట్యాంక్ బ్యాగ్‌లో కాకుండా తాళం వేసే సైడ్ బాక్స్‌లో పడేయండి. అసలు ప్రమాదం డిటెక్టర్ జరిమానా కాదు. వర్జీనియాలో పరిమితి కన్నా 20 మైళ్లు ఎక్కువైనా, ఎక్కడైనా 85 దాటినా రెక్‌లెస్ డ్రైవింగ్ కింద వస్తుంది. అది టికెట్ కాదు, 12 నెలల జైలుకీ 2,500 డాలర్ల జరిమానాకీ వీలున్న క్రిమినల్ కేసు. హెచ్1బీ మీదో గ్రీన్ కార్డ్ వరసలోనో ఉన్నవాళ్లకి ఆ రికార్డు తర్వాత ప్రతి ఫారంలోనూ ఎదురవుతుంది. కేసు పడితే అక్కడి ట్రాఫిక్ లాయర్‌తో పాటు మీ ఇమిగ్రేషన్ లాయర్‌కీ అదే రోజు ఫోన్ చేయండి.

సెలవులకి హైదరాబాద్ వెళ్తూ దీన్ని తీసుకెళ్లొచ్చా అని అడిగేవాళ్లున్నారు. అక్కడి పోలీసులు వాడేది లేజర్ గన్లు, మోగేసరికి ఫొటో పడి ఉంటుంది. ఇంట్లోనే ఉంచండి.