ఆఫీసు ఇన్వర్టర్ బ్యాటరీలు: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

చాలా ఆఫీసుల్లో ఇన్వర్టర్ బ్యాటరీలను మెట్ల కిందనో, గాలి ఆడని స్టోర్‌రూములోనో పెడతారు. నా దృష్టిలో అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

గదిలో కుళ్లిన గుడ్ల వాసన

కారణం: ఛార్జింగ్ మితిమీరడం, లేదా ఏదో ఒక సెల్ పాడవడం. ఆ వాసన హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువుది. దానితోపాటు ఏ వాసనా లేని హైడ్రోజన్ కూడా వెలువడుతుంది. గాలిలో అది 4 శాతానికి చేరితే చాలు, నిప్పురవ్వ తగలగానే అంటుకుంటుంది.

పరిష్కారం: ముందు అందరినీ బయటికి పంపండి. ఆ గదిలో ఏ స్విచ్చూ ముట్టుకోవద్దు, ఎగ్జాస్ట్ ఫ్యానుది కూడా. తలుపు బార్లా తెరిచి, గది బయట ఉన్న ఎంసీబీ (కరెంటు ఆపే బ్రేకర్ స్విచ్) దగ్గర ఛార్జింగ్ సరఫరా ఆపండి. వాసన తగ్గినట్టు అనిపించినా లోపలికి వెళ్లవద్దు. హైడ్రోజన్ సల్ఫైడ్ కాసేపటికి ముక్కునే మొద్దుబారుస్తుంది. బాగా గాలి ఆడాక టెక్నీషియన్‌ను పిలిపించండి. తర్వాత పైకప్పు దగ్గర గాలిమార్గం తప్పక పెట్టించండి. హైడ్రోజన్ తేలిక కాబట్టి పైకే చేరుతుంది.

టెర్మినళ్ల (వైర్లు బిగించే కొనల) మీద తెల్లని, నీలిఆకుపచ్చ పొడి

యాసిడ్ ఆవిరి లోహాన్ని తినేయడం వల్ల వస్తుంది. ఇన్వర్టర్, ఛార్జింగ్ రెండూ ఆపి, ఉంగరాలు, వాచీ తీసేయండి. గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకోండి. నెగటివ్ వైరు ముందు విప్పండి, బిగించేటప్పుడు చివర బిగించండి. స్పానర్ రెండు టెర్మినళ్లకూ ఒకేసారి తగలకూడదు. తినే సోడా కలిపిన నీటితో తడిపిన గుడ్డతో తుడవండి. ఆ నీరు సెల్ మూతల్లోకి పోకూడదు. బిగించాక పెట్రోలియం జెల్లీ రాయండి.

కంట్లో యాసిడ్ పడితే వెంటనే కుళాయి నీటితో కనీసం 15 నిమిషాలు కడిగి, ఆసుపత్రికి తీసుకెళ్లండి. కన్ను నలపనివ్వకండి.

నీరు తరచూ తగ్గిపోవడం

ఇదీ ఎక్కువగా అతిఛార్జింగ్ లక్షణమే, ఛార్జర్ వోల్టేజీ పరీక్ష చేయించండి. గుర్తు దాటకుండా డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయండి. ఆర్వో నీళ్లలో లవణాలు మిగిలే ఉంటాయి, అవి పనికిరావు. తగ్గింది నీరే కాబట్టి యాసిడ్ పోయడం తప్పు.

పెట్టె ఉబ్బడం

దీనికి మరమ్మతు లేదు. ఛార్జింగ్ ఆపించి, టెక్నీషియన్‌తో తీయించి, కొత్తది పెట్టించండి. పాతదాన్ని పగలగొట్టి సీసం తీసేవారికి అమ్మవద్దు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం వాటిని తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులదే కనుక డీలరుకు అప్పగించండి.