అటల్ పింఛను వాయిదా మార్చుకునే ముందు జాగ్రత్తలు

తిరుపతిలో ఆటో నడిపేవారికి, పూలు అమ్మేవారికి పీఎఫ్ ఎక్కడిది? చాలామందికి అటల్ పింఛనే ఆసరా. ఇప్పుడు వాయిదాలు కడితే అరవై ఏళ్ల తర్వాత నెలనెలా పింఛను వచ్చే కేంద్ర పథకం ఇది. పింఛను మొత్తాన్ని మార్చుకునే వీలు ఆర్థిక సంవత్సరానికి ఒక్కసారే. తొందరపడకండి.

– పెంచుకుంటే గడిచిన నెలల తేడా కూడా వడ్డీతో కట్టాలి. అసలు మెలిక ఇదే. ఎంతవుతుందో బ్యాంకులో కాగితం మీద రాయించుకున్నాకే సంతకం పెట్టండి.

– 5,000 రూపాయల పింఛనుకు 18వ ఏట చేరినవారి వాయిదా నెలకు 210. 40వ ఏట చేరితే 1,454. మీ వయసు లెక్క అడగండి.

– బ్రహ్మోత్సవాల రాబడి మీద బతికేవారికి ఆరు నెలలకోసారి కట్టే వాయిదా నయం. వాయిదా రోజుకు ఖాతాలో డబ్బుండాలి, అంతే.

– నామినీ పేరు సరిచూసుకోండి.

– ఓటీపీ అడిగే ఫోను వస్తే మాట్లాడకుండా పెట్టేయండి.