పిల్లి చర్మం, మన వైద్యం – 3వ పాఠం: పురుగు కనబడలేదా? మళ్ళీ దువ్వండి

ఈసారి తామర గురించి చెప్తానన్నాను. అది వచ్చే పాఠానికి వాయిదా. పోయిన పాఠంలో ఫ్లీలను, అంటే పిల్లి ఒంటి మీద చేరి రక్తం తాగే గెంతుడు పురుగులను, వెతకడానికి ఇచ్చిన దువ్వెన పరీక్ష దగ్గరే చాలామంది బోల్తా పడ్డారు. "దువ్వాం, ఒక్క ఫ్లీ కూడా లేదు, ఇది వేరే జబ్బు" అని ఎంవీపీ కాలనీ నుంచి గాజువాక దాకా అందరిదీ ఒకటే మాట.

మీరు వెతకాల్సింది ఫ్లీ రెట్ట. పురుగును పిల్లే నాకి మింగేస్తుంది. ఫ్లీ కాటుకు ఎలర్జీ ఉన్న పిల్లి ఇంకా ఎక్కువ నాక్కుంటుంది కాబట్టి, దురద విపరీతంగా ఉన్న పిల్లి మీదే ఒక్కోసారి పురుగు దొరకదు. పేల దువ్వెనతో తోక మొదట్లో, నడుం మీద, మెడ చుట్టూ చర్మానికి ఆనించి దువ్వండి. పళ్ళ మధ్య ఇరుక్కున్న నల్ల రవ్వను తడి టిష్యూ మీద దులిపి, కాసేపు చూడండి. చుట్టూ తుప్పు రంగు పాకితే అది ఫ్లీ తాగి విసర్జించిన రక్తం. రంగు పాకకపోతే మట్టి. ముందు శుభ్రంగా స్నానం చేయించి, తర్వాత పరీక్ష చేసినవాళ్ళకు ఏం చెప్పను? సాక్ష్యం కాస్తా డ్రైనేజీలో కలిపేశారు.

ఇక నాకు ఒళ్ళు మండే విషయం. "ఇంట్లో కుక్కకు ఫ్లీలు పోవడానికి తెచ్చిన, చర్మం మీద వేసే చుక్కల మందు ఉంది, పిల్లి చిన్నది కదా అని సగమే వేశాను." అమ్మా, బాబూ, ఆ పని చేయకండి. కుక్కల ఫ్లీ మందుల్లో చాలావాటిలో పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటుంది. కుక్క లివర్ దాన్ని విరిచి బయటికి పంపేస్తుంది, పిల్లి లివర్‌కు ఆ శక్తి సరిగా లేదు. సగం వేసినా, పావు వేసినా ప్రమాదమే. చెవులు అదరడం, చొంగ కారడం, ఒళ్ళంతా వణుకు, ఆపైన ఫిట్స్. కొన్ని గంటల్లో మొదలవ్వచ్చు, మర్నాటికీ బయటపడచ్చు. మనుషులు గజ్జికి రాసుకునే క్రీముల్లోనూ ఇదే మందు ఉంటుంది, అదీ వద్దు. కుక్కకు ఆ మందు వేస్తే, లేబుల్ మీద చెప్పినన్ని రోజులు పిల్లిని దాని పక్కన పడుకోనివ్వకండి. ఇప్పటికే పిల్లికి వేసేసి ఉంటే, గిన్నెలు తోమే లిక్విడ్‌తో గోరువెచ్చని నీళ్ళలో కడిగి, మందు డబ్బా పట్టుకుని వెంటనే డాక్టర్ దగ్గరికి పరుగెత్తండి. వణుకు మొదలైతే కడగడానికి కూడా ఆగద్దు. డెటాల్ నీళ్ళు, వేపనూనె కూడా వద్దు. పిల్లికి ఏం పూసినా అది చివరికి దాని నోట్లోకే పోతుంది.

పిల్లి బరువు చెప్పి, పిల్లుల కోసమే చేసిన మందు డాక్టర్‌తో రాయించుకోండి. ఫిప్రోనిల్, సెలామెక్టిన్ రెండూ పనిచేస్తాయి. నేనైతే రెండోదానికే ఓటేస్తాను, చెవిలో చేరే పురుగులను కూడా అదే చంపుతుంది. తల వెనక, నాలుక అందని చోట వెంట్రుకలు పాయ తీసి చర్మం మీద వేయాలి. ఇంట్లో ఎన్ని పిల్లులుంటే అన్నిటికీ.

మర్నాడు మళ్ళీ పురుగు కనబడిందని మందును తిట్టకండి. గుడ్లు పిల్లి ఒంటి మీద నిలవవు, రాలి సోఫా సందుల్లో, మంచం కింద పిల్లలవుతాయి. గూడు కట్టుకున్నవి నెలల తరబడి ఆగి మరీ బయటికి వస్తాయి. మన విశాఖ ఉక్కలో వాటికి ఏడాదంతా పండగే. అందుకని కనీసం మూడు నెలలు నాగా లేకుండా మందు వేయాలి, పిల్లి పడుకునే గుడ్డలు వారం వారం వేడినీళ్ళలో ఉతకాలి.

అభ్యాసం: మీ పిల్లి పడుకునే చోట్లన్నీ రాయండి. బీరువా మీద, వాషింగ్ మెషిన్ వెనక, ఇస్త్రీకి పెట్టిన బట్టల్లో, దేన్నీ వదలద్దు. తెల్ల సాక్సులు వేసుకుని, కాలు ఆనే చోటల్లా కాసేపు నడిచి, మడమల దగ్గర నల్లటి చుక్కలు గెంతుతున్నాయేమో చూడండి. తర్వాత ఇంట్లో ఉన్న ప్రతి పురుగుమందు డబ్బా మీద సన్న అక్షరాలు చదివి, పెర్మెత్రిన్ ఉన్నవి వేరుగా పెట్టండి.

వచ్చేసారి తామర. ఈలోగా మీ పిల్లికి వెంట్రుకలు గుండ్రంగా రాలి పొలుసులు కనబడితే గ్లవ్స్ లేకుండా ముట్టుకోకండి, పిల్లల పక్కలోకి రానివ్వకండి. అది మనకూ అంటుతుంది.