మనసు బాగోలేనివాళ్లకు మసాజ్ చేసేటప్పుడు

హైదరాబాద్‌లో మలక్‌పేట చుట్టుపక్కల ఆడవాళ్లకు ఇళ్లకెళ్లి మసాజ్ చేస్తుంటాను. డిప్రెషన్, ఆందోళన ఉన్నవాళ్లు పిలిస్తే నూనె సీసా తీసేముందు కాసేపు కూర్చుని మాట్లాడండి. ఏ మందులు వాడుతున్నారో తప్పకుండా అడగండి. లిథియం (మనసు ఒడిదుడుకులు అదుపులో ఉంచే మందు) వేసుకునేవాళ్లకు ఆవిరి పట్టొద్దు. చెమట ఎక్కువగా పోతే రక్తంలో ఆ మందు మోతాదు పెరిగి ప్రమాదం. కొన్ని మందులకు గబుక్కున లేస్తే కళ్లు తిరుగుతాయి, అందుకని అయ్యాక మంచం అంచున కాసేపు కూర్చోబెట్టండి.

అన్నిటికన్నా అనుమతి ముఖ్యం. మొదట్లో ఒకసారి అడిగితే సరిపోదు. "అమ్మా, ఇప్పుడు భుజం పట్టనా?" అని చెయ్యి మార్చిన ప్రతిసారీ అడుగుతాను. బట్టలు తీయక్కర్లేదు, చుడీదార్ మీదే కుర్చీలో కూర్చోబెట్టి చేయొచ్చు. తలుపు గడియ పెట్టాలో వద్దో వాళ్లనే చెప్పమనండి. గతంలో ఎవరి చేతిలోనో దెబ్బలు తిన్నవాళ్లు కొందరు నోటితో "వద్దు" అనలేరు. బొటనవేలు పిడికిట్లోకి ముడుచుకోవచ్చు, ఊపిరి బిగబట్టొచ్చు. అది కనిపించగానే చెయ్యి తీసేయండి. కొత్తవాళ్లకు అరచేతులు, పాదాలు చాలు, పావుగంట చాలు.

ఏడుపొస్తే ఏడవనివ్వండి, కారణం తవ్వకండి.

లేని గొంతులు వినిపిస్తున్నా, నిద్రలేకుండా ఉద్రేకంగా ఉన్నా ఆ రోజు మసాజ్ వద్దు, డాక్టర్‌ దగ్గరికి పంపండి. "మందులు మానేయ్, మసాజ్ చాలు" అనడం నా దృష్టిలో పాపమే. చచ్చిపోవాలనుందంటే ఒంటరిగా వదలకండి, ఇంట్లోవాళ్లను పిలిచి మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ లైన్ టెలి మానస్ 14416కి అక్కడే ఫోన్ కలపండి. ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది.