నారింజ ఆకు పసుపెక్కిందా? లోపం ఏదో ఇలా పట్టుకోండి

ఆకు పసుపెక్కగానే యూరియా చల్లేయడం చాలామందికి అలవాటు. దానికంటే ముందు చూడాల్సింది, పసుపు ముదురాకుల్లో మొదలైందా, లేతాకుల్లోనా అని. నత్రజని, పొటాష్ (పొటాషియం), మెగ్నీషియం ముదురాకుల్లోంచి చిగుళ్లకు తరలిపోతాయి కాబట్టి వాటి కొరత ముదురాకుల్లో బయటపడుతుంది. జింకు, ఇనుము, మాంగనీసు అంతగా కదలవు. వాటి కొరత లేతాకుల్లో కనిపిస్తుంది.

సమస్య: ముదురాకు మొత్తం ఒకేలా పాలిపోయింది

నత్రజని లోపం. ఎరువు విడతలుగా ఇవ్వండి. అయితే నీరు నిలిచి వేర్లు కుళ్లినా ఆకు ఇలాగే పాలిపోతుంది. పాదు తవ్వి వేర్లు చూశాకే బస్తా విప్పండి.

సమస్య: ముదురాకు పసుపెక్కినా తొడిమ దగ్గర త్రికోణంగా పచ్చదనం మిగిలింది

మెగ్నీషియం లోపం. నేలలో అది తక్కువై ఉండొచ్చు. కానీ ఏటా పొటాష్ దండిగా వేసే తోటలో నేను మొదట అనుమానించేది పొటాష్‌నే. వేర్ల దగ్గర ఈ రెండూ పోటీ పడతాయి, ఒకటి ఎక్కువైతే రెండోది లోపలికి రాదు. ఆకులో పొటాషియం 1.2–1.7 శాతం, మెగ్నీషియం 0.30–0.49 శాతం ఉంటే సరిపోయినట్టు. ల్యాబ్‌లో చేయించిన ఆకు పరీక్ష రిపోర్టులో పొటాషియం 2.2, మెగ్నీషియం 0.2 వచ్చాయనుకోండి, పొటాష్ తగ్గించడమే అసలు మందు. మెగ్నీషియం నైట్రేట్ పిచికారీ తాత్కాలిక ఊరట. ఆమ్ల నేలైతే డోలమైట్ (మెగ్నీషియం ఉన్న సున్నపురాయి పొడి) వేయొచ్చు. అలాగని పొటాష్ పూర్తిగా మానేస్తే కాయ సైజు తగ్గుతుంది. మితిమీరితే తొక్క మందమవుతుంది.

సమస్య: లేతాకులు సన్నగా, చిన్నగా వచ్చి ఈనెల (ఆకు నరాల) మధ్య పసుపెక్కాయి

జింకు లోపం. లీటరు నీటికి 5 గ్రాముల జింకు సల్ఫేటు, 2.5 గ్రాముల సున్నం కలిపి కొత్త చిగురుపై కొట్టండి. ఆకు సైజు మామూలుగానే ఉండి, ఈనెల వెంట ముదురు పచ్చ పట్టీలుంటే మాంగనీసు. పాలిపోయిన ఆకుపై సన్నని పచ్చటి వలలా ఈనెలు కనిపిస్తే ఇనుము. సున్నపు నేలల్లో ఇనుము ఉన్నా వేరుకు అందదు, అతిగా తడి ఇస్తే ఇంకా ముదురుతుంది.

మధ్య ఈనెకు అటూ ఇటూ పసుపు మచ్చలు ఒకేలా లేకపోతే అది గ్రీనింగ్ అనే బ్యాక్టీరియా తెగులు కావచ్చు. దాన్ని ఏ ఎరువూ నయం చేయదు.

సమస్య: రిపోర్టుకూ చెట్టుకూ పొంతన లేదు

చాలాసార్లు నమూనాలోనే తేడా ఉంటుంది. వసంతంలో వచ్చిన చిగురులో 4–6 నెలల వయసున్న ఆకుల్ని, కాయలేని రెమ్మల నుంచి, 20 చెట్లలో కలిపి ఓ 100 కోయండి. జింకు కొట్టిన ఆకు పంపితే జింకు ఎక్కువే చూపిస్తుంది, మందు ఆకు పైనే అంటుకుని ఉంటుంది మరి! బాగున్న చెట్ల ఆకులు, జబ్బు చెట్ల ఆకులు వేర్వేరు కవర్లలో పంపండి.